ఇరవై ఐదు గడుల బేరం

తనకు తానే మార్కులు వేసుకోమంటే సోనికి అరచేతులు చెమట పట్టాయి. ఇంకెవరైనా వేస్తే ఆ బాధ లేదు. వేసినవి చూసుకుని ఒక మూల కూర్చుని ఏడవొచ్చు, లేదా ఎవరూ చూడకుండా నవ్వుకోవచ్చు. తనే వేసుకోవాలంటే ఎలా? తక్కువ వేస్తే పరువు పోతుంది, ఎక్కువ వేస్తే సిగ్గు పోతుంది. సోని దగ్గర పరువు సంగతి తెలీదుగాని, సిగ్గు మాత్రం బస్తాలకొద్దీ ఉంది.

ఈ తంటా తెచ్చిపెట్టింది ఎలీయేజరు మాస్టారు. అరకులో టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ఆయన బోధన పద్ధతులు చెబుతారు. రెండువేల ఐదో సంవత్సరం సంక్రాంతి సెలవులకు ముందు హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక సంచీ, ఒక పెన్నూ, ఒక కాగితమూ పట్టుకొచ్చారు. సంచీని ఇంట్లో ఆవిడ కూరగాయలకు తీసేసుకుంది. పెన్ను రైల్లోనే పోయింది. మిగిలిన కాగితాన్ని జిరాక్సు తీయించి ట్రైనీలందరికీ పంచిపెట్టారు.

దాని పేరు ‘ఉపాధ్యాయ వృత్తి వైఖరుల స్వీయ మదింపు పత్రం’. అందులో ఇరవై ఐదు వాక్యాలు. నేను సమయపాలన పాటిస్తాను. నేను విద్యార్థుల పట్ల ఓర్పు కలిగి ఉంటాను. నేను విమర్శను చిరునవ్వుతో స్వీకరిస్తాను. ఇలా అన్నీ ‘నేను’తోనే మొదలవుతాయి. ఒక్కో వాక్యానికి ఎదురుగా రెండు గడులు. మొదటి గడిలో ట్రైనీ తనకు తాను ఒకటి నుంచి నాలుగు దాకా ఎన్నో వేసుకోవాలి. రెండో గడిలో, టీచింగ్ ప్రాక్టీసు ముగిసే రోజున మాస్టారు ఆ ఊరికే వచ్చి, ఊరివాళ్ళనీ పిల్లల్నీ అడిగి వేస్తారు.

"మొత్తం వందకి. రెండు గడుల్లోనూ యాభై దాటాలి," అన్నారు మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ. "రెంటికీ మధ్య తేడా పదిహేను మించకూడదు. మించిందా, తానేమిటో తనకే తెలీదన్నమాట. అలాంటివాళ్ళు అదే ఊళ్ళో ఇంకో నలభై రోజులు ప్రాక్టీసు చేస్తారు."

ఇంకో నలభై రోజులంటే ఏప్రిల్లో జరిగే పరీక్ష దాటిపోతుంది. పరీక్ష దాటితే ఏడాది పోయినట్టే. సోనికి ఆ ఏడాది తన ఒక్కదానిదే అయితే ఇంత బెంగ ఉండేది కాదు. ఇంటి దగ్గర కాఫీతోటలో నాన్నకి సాయంగా ఒక ఆడపిల్ల ఉండి తీరాలి. సోని చదువుకి వచ్చినప్పుడు కనక అనే చెల్లెలు పదో తరగతి పాసై కూడా తోటలో ఉండిపోయింది. అక్క చదువు ముగించుకుని వస్తే చెల్లెలు ఇంటర్‌లో చేరుతుంది. ఇంట్లో కుదిరిన ఒప్పందం అది. "రెండేళ్ళే కదే అక్కా," అని కనక నవ్వుతూనే అంది. ఇప్పుడది మూడేళ్ళయితే ఆ నవ్వు ఉంటుందా?

సోనికి తేనెపుట్టు అనే కొండ ఊరు పడింది. జీపు దిగాక గంటన్నర నడక. తోడుగా వచ్చిన ట్రైనీ రవిబాబు. అనకాపల్లి పక్కవాడు. మాట గట్టి, చొక్కా ఇస్త్రీ, జేబులో చిన్న దువ్వెన. అతని చార్టులు చూసి తీరాలి. ఆవు బొమ్మ వేస్తే దాని కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. బడిలో అసలు పంతులుగారు ఓటర్ల జాబితా పని మీద మండలానికి వెళ్ళారు. కాబట్టి ఆ ముప్పై మంది పిల్లలకూ నలభై రోజులు వీళ్ళిద్దరే దిక్కు.

రవిబాబు పాఠం చెబితే పక్క కొండకు వినబడేది. "ఆవు! ఏమిటీ? ఆవు!" అని అరిచేవాడు. పిల్లలూ "ఆవు!" అని అరిచేవాళ్ళు. కిటికీలోంచి నిజం ఆవు తల పెట్టి చూసేది.

సోనికి అంత గొంతు లేదు. మొదటి రోజు ఒకటో తరగతి పిల్లల్ని పేర్లడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళకి తెలుగు రాదు, వచ్చిన నాలుగు ముక్కలూ చెప్పడానికి భయం. పదిమందిలో లేచి నిలబడి మాట్లాడమంటే ఎంత భయమో సోనికి బాగా తెలుసు. అందుకని తనే ఒక్కొక్కరి పక్కన కూర్చుని, తమ ఇళ్ళల్లో మాట్లాడే ఆదివాసీ ఒరియాలో, "నాకొక్కదానికే చెవిలో చెప్పు," అంది. చెవిలో చెప్పారు. చెప్పింది సరైనదైతే సోని కళ్ళు పెద్దవి చేసేది. తప్పయితే తిరిగి వాళ్ళ చెవిలోనే సరైనది చెప్పేది. వారం తిరిగేసరికి గుసగుసలు కాస్తా మాటలయ్యాయి, నెల తిరిగేసరికి మాటలు గోలయ్యాయి. మూడో తరగతి రత్నాలు అనే పిల్ల ఆ ఊరి తలుపుల మీద బొగ్గుతో రాసిన పేర్లన్నీ చదవడం నేర్చుకుని, చదివినవి చాలక కొన్ని తనే రాసింది. సోంబరు ఇంటి తలుపు మీద ‘గురక తాత’ అని రాసింది కూడా తనే.

సోంబరు ఆ ఊరి పెద్ద, బడి కమిటీకి కూడా పెద్ద. తలుపు మీది రాతను తను చదవలేడు గనక ఆయనకు కోపం రాలేదు.

ప్రాక్టీసు ఇంకో వారంలో ముగుస్తుందనగా సోని కాగితం తీసి మొదటి గడులు పెన్సిలుతో నింపింది. సమయపాలన, ఒకటి. ఓర్పు, ఒకటి. స్వరం, సున్నా వేద్దామనుకుని, సున్నా లేదు గనక ఒకటి. కూడితే ఇరవై తొమ్మిది. ఆ నాలుగు ఎక్కువ కూడా ఎలా వేసిందో తనకే తెలీదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రవిబాబు అది చూసి పొలమారేలా నవ్వాడు.

"ఏటే సోనీ ఇది? ఇరవై తొమ్మిదా? యాభై లేకపోతే మళ్ళీ నలభై రోజులు. మాస్టారు చెప్పింది వినలేదేటి?"

"మరి మీరెంత వేసుకున్నారండి?"

"వంద," అన్నాడు రవిబాబు, అన్నంలో పప్పు కలుపుకుంటూ. "మన గురించి మనం వేసుకోవడానికి మొహమాటం ఎందుకు? ఇలా తే. నాది చూసి దింపేసుకో."

బడిలో వంట చేసే ముత్యాలమ్మ గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. సోని ఉంటున్నది ఆమె ఇంట్లోనే. "ఏటి బాబూ, మార్కులంటన్నారు? పంతుళ్ళకి కూడా మార్కులుంటాయేటి?"

రవిబాబుకి అడిగేవాళ్ళుంటే చాలు. "ఉంటాయమ్మా. గురువారం మా మాస్టారొచ్చి మిమ్మల్నే అడిగి వేస్తారు. మంచి మార్కులొస్తే అదే రోజు జీపెక్కి కిందికి వెళ్ళిపోతాం."

"తక్కువొస్తే?"

"తక్కువొస్తే మళ్ళీ నలభై రోజులు ఇక్కడే. మీ నెత్తినే."

ముత్యాలమ్మ గరిటెలోని సాంబారు కుండలోకి తిరిగి జారిపోయింది. "అలగా," అంది. పిల్లలకి వడ్డించడానికి వెళ్ళిపోయింది.

సోని రబ్బరుతో ఇరవై తొమ్మిదినీ చెరిపేసి, రవిబాబు కాగితం పక్కన పెట్టుకుని నాలుగులు దింపింది. చెయ్యి వణికి నాలుగు చోట్ల మాత్రం మూడు పడింది. మొత్తం తొంభై ఆరు. ఆ కాగితాన్ని అట్ట కింద దాచి, ఎవరో చూసేస్తారన్నట్టు దాని మీద కూర్చుంది.

శుక్రవారం అరకు సంతకు ఊరు ఊరంతా దిగింది. సోని కూడా సుద్దముక్కల కోసం వెళ్ళింది. సోంబరు ఒక నల్లమేక ముందు గంటసేపు నిలబడ్డాడు. దాని చుట్టూ తిరిగి, నాలుక చప్పరించి, "ఇదేటి మేకా? పిల్లి మూరెడు సాగినట్టుంది. పళ్ళు సూడు, అరిగిపోనాయి. పక్కనున్నది సూడు, ఆహా, రాజుగారి మేక!" అన్నాడు. అమ్మేవాడు విసుగెత్తిపోయాడు. సాయంత్రం కొండెక్కేటప్పుడు సోంబరు చేతిలో తాడుంది, తాడు చివర ఆ నల్లమేకే ఉంది. రాజుగారి మేక సంతలోనే ఉండిపోయింది. సోని ఆశ్చర్యపడలేదు. వాళ్ళ నాన్న విత్తనాలు కొన్నా, కోడిపెట్టను కొన్నా అంతే.

గురువారం వచ్చింది. ఆ పొద్దున సోనికి ఒక చెప్పు కనబడలేదు. ఎడమది ఉంది, కుడిది లేదు. వెతికి వెతికి వట్టికాళ్ళతోనే బడికి వెళ్ళింది.

పదకొండింటికి ఎలీయేజరు మాస్టారు కొండెక్కి వచ్చారు. చలికాలం పోలేదు గాని ఆయన చొక్కా పిండితే చెంబెడు నీళ్ళొచ్చేలా ఉంది. బడి వరండాలో చింతపండు గింజలు తీస్తున్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. ముందు రవిబాబు గురించి అడిగారు.

"రవిబాబు బాబా?" అంటూ సోంబరు లేచి నిలబడి దణ్ణం పెట్టినంత పని చేశాడు. "అలాటి పంతుల్ని మా తాతల కాలం నుంచీ సూళ్ళేదు. ఏటి గొంతు! ఏటి బొమ్మలు! ఇలాటి కొండ మీద ఉండాల్సిన మడిసి కాడు బాబూ. కలెక్టరు పిల్లలకి సదువు సెప్పాల. ఇయ్యాలే తీసుకెల్లిపొండి."

"బేగి తీసుకెల్లిపొండి," అంది ముత్యాలమ్మ.

"ఓర్పు ఉందా?"

"నాలుగు!" అన్నారు అందరూ. అడిగిన ఇరవై ఐదింటికీ నాలుగే అన్నారు. మాస్టారు కూడి చూసి, "వంద," అన్నారు. "తనూ వందే వేసుకున్నాడు. తేడా సున్నా. ఆశ్చర్యంగా ఉందే!" రవిబాబు దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

"ఇక సోని."

వరండా ఒక్కసారి చల్లబడిపోయింది. సోంబరు కూర్చున్నాడు. ముత్యాలమ్మ నిట్టూర్చింది.

"ఈ గుంటా?" అంది. "ఏటి సెప్పమంటారు బాబూ. గొంతే నేదు. పిల్లల సెవిలో ఏటో గుసగుసలాడతాది. సదువు సెప్తందో, సాడీలు సెప్తందో ఎవులికి తెలుసు?"

"నల్లబల్ల మీద రాత సూడండి," అన్నాడు సోంబరు. "సీమలు దారి తప్పినట్టుంది."

"పొద్దున్న లేవదు," అంది చింతపండు గింజలు తీస్తున్న ఒకామె. సోని రోజూ ఆమెతో కలిసే ఊటకి నీళ్ళకు వెళ్ళేది.

"పిల్లలూ, మీరు చెప్పండి. టీచరు బాగా చెబుతుందా?"

రత్నాలు లేచింది. నేల చూస్తూ, పెదవులు బిగబట్టుకుని, "పంతులమ్మకి ఎక్కాలే రావు సార్," అంది. వెనకాల ఇద్దరు పిల్లలు ఒకరి నోరు ఒకరు మూసుకున్నారు.

మాస్టారు రాస్తూ పోయారు. ఒకటి, ఒకటి, ఒకటి, ‘సొంత వస్తువులు శుభ్రంగా ఉంచుకుంటాను’ దగ్గర మాత్రం మూడు. చివరికి కూడి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ కూడారు.

"ఇరవై ఏడు. నువ్వు వేసుకున్నది తొంభై ఆరు." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. "అరవై తొమ్మిది తేడా, సోనీ. నిన్ను గురించి నేను వేరేలా అనుకున్నాను. ఇంకో నలభై రోజులు ఉండమ్మా. పరీక్ష వచ్చే ఏడు రాద్దువుగాని."

సోనికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కనక కాఫీగింజలు ఎండబోస్తూ కనిపించింది. ఇరవై తొమ్మిదే ఉంచాల్సింది, ఊరు కూడా ఇరవై ఏడే కదా అంటోంది, నాకు నేను తెలిసినట్టే కదా అనుకుంది. ముక్కు తుడుచుకుని తలెత్తింది.

ఎదురుగా సోంబరు తనకేసే చూస్తున్నాడు. తల వంచి, ఒక కన్ను కొంచెం మూసి, నాలుక చప్పరిస్తూ, అరికాళ్ళ నుంచి జడ దాకా చూసి పెదవి విరుస్తున్నాడు. ఆ చూపు ఎక్కడో చూసింది. ఎక్కడ? నల్లమేక దగ్గర.

సోనికి ఏడుపు ఆగిపోయింది. పక్కకి చూసింది. అక్కడ రాజుగారి మేక తల దువ్వుకుంటోంది.

పొట్టలోంచి ఒక నవ్వు బయలుదేరి గొంతు దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, మాస్టారి కుర్చీ దగ్గరికి వెళ్ళి, "మాస్టారూ, మీ చెవిలో ఒక మాట," అంది.

ఆయన ఒంగారు. సోని గుసగుసగా సంత సంగతి చెప్పింది. ఈ ఊళ్ళో కావలసిన వస్తువుని ఎవరూ మెచ్చుకోరనీ, అక్కర్లేనిదాన్ని ఆకాశానికి ఎత్తుతారనీ, తక్కువ మార్కులొస్తే నలభై రోజులు ఉండిపోతారని రవిబాబే వీళ్ళకి చెప్పాడనీ చెప్పింది.

మాస్టారు ఆమెకేసి చూశారు. "అంటే వీళ్ళు నిన్ను బేరమాడుతున్నారంటావు."

"ఔనండి."

"నువ్వంటే అంత ఇష్టమంటావు. నువ్వు అంత మంచి టీచరువంటావు."

సోని చెవులు మండిపోయాయి. ఆ ప్రశ్నకి కాగితం మీద నాలుగు వెయ్యడం వేరు, కళ్ళలోకి చూసి జవాబు చెప్పడం వేరు. రెండు అడుగులు వెనక్కి వేద్దామా అనుకుంది. వేస్తే ఏడాది పోతుంది.

"ఔనండి," అంది. చిన్న గొంతే గాని, మాట విరగలేదు.

"నిజమేనా కాదా ఎలా తేలుతుంది? నాకు బేరాలు రావమ్మా. వంకాయలు కూడా మా ఆవిడే కొంటుంది." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నువ్వే తేల్చు. అందరి ముందూ. నేను దేనికైనా తలాడిస్తాను."

సోని వరండా మధ్యకి వచ్చింది. అన్ని కళ్ళూ తన మీదే. గోడకేసి చూస్తూ మొదలుపెట్టింది.

"పెద్దయ్యా, మీరు సెప్పింది నిజమే. నాకేటీ రాదు."

సోంబరు తృప్తిగా తలాడించాడు.

"గొంతు నేదు, రాత నేదు, ఎక్కాలు రావు. ఇలాటి పంతులమ్మ ఊరికి బరువు. అందుకని మాస్టారు నన్ను ఇప్పుడే కిందికి తీసుకుపోతారంట. మళ్ళీ ఈ ఊరికి పంపరంట." మాస్టారు గంభీరంగా తలాడించారు. "మీకు రవిబాబు గారు అంత నచ్చారు కదా. కలెక్టరు పిల్లల కన్నా మీ పిల్లలేం తక్కువ? ఆయన్నే ఉంచేత్తారంట. నలభై రోజులు కాదు, బడి మూసేదాకా."

"ఏటీ!" రవిబాబు దువ్వెన కింద పడిపోయింది. "మాస్టారూ!"

మాస్టారు ఇంకోసారి తలాడించారు.

ముత్యాలమ్మ గబుక్కున లేచింది. ఒళ్ళో చింతగింజలు వరండా అంతా దొర్లిపోయాయి. "అదేటి బాబూ! గుంటని తీసుకెల్లిపోతారా?"

"పనికిరాదన్నావు కదమ్మా," అన్నారు మాస్టారు.

"అన్నానా? నానెప్పుడన్నాను? గొంతు నేదన్నాను. గొంతెందుకు బాబూ పంతులమ్మకి, ఇక్కడేటి నాటకాలాడతన్నామా? మా రత్నాలు దీని వల్లే కదా పుస్తకం సదువుతంది!"

"పొద్దున్న లేవదన్నారు?"

"నా కన్నా ముందు లేత్తాది!" అంది చింతపండామె, తన మాటను తనే నరికేస్తూ. "నాకు బిందె ఎత్తుద్ది!"

"రాత చీమల్లా ఉందన్నావు, సోంబరూ?"

సోంబరు గొంతు సవరించుకున్నాడు. "సీమలు సక్కగా నడుత్తాయి బాబూ. సీమల్లా నడిసేది ఇంకేటుంది?" అన్నాడు. తర్వాత చెయ్యి చాచి రవిబాబుని చూపించి, "ఈ బాబుని మాత్రం ఇక్కడ ఒగ్గేయకండి. మంచోడే. బొమ్మలు మంచివే. కానీ ఆయన అరుపులకి నా ఆవు పాలెగ్గొడతంది," అన్నాడు.

రత్నాలు పరిగెత్తుకెళ్ళి కంది చేనులోంచి సోని కుడి చెప్పు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఎల్లిపోకు పంతులమ్మా. నాకు ఎక్కాలు రావనే సెప్పాను, నీకు రావని కాదు," అంది. పచ్చి అబద్ధం.

మాస్టారు ఇక ఆపుకోలేక నవ్వేశారు. కుర్చీ కూడా కిర్రుమని నవ్వింది. నవ్వి నవ్వి, కాగితం మీది రెండో గడులన్నీ కొట్టేసి, పక్కన కొత్త గడులు గీశారు. "సరే. ఈసారి బేరం లేదు. నిజమే చెప్పాలి. సోనీ, నువ్వూ నీవి చెరిపి మళ్ళీ వెయ్యి. ఇక్కడే, పైకి చదువుతూ. ఎవరి కాగితమూ చూసి కాదు."

చివరి మాటకి రవిబాబూ సోనీ ఇద్దరూ నేలచూపులు చూశారు.

"సమయపాలన," చదివింది సోని.

"నాలుగు!" అంది ఊరు.

"మూడు. నన్ను లేపేది ముత్యాలమ్మ పిన్ని."

"నానెప్పుడు లేపాను? మూడేటి, నాలుగెయ్యి!"

"ఓర్పు."

"నాలుగు!" అని రత్నాలు అరిచింది.

"మూడు. మొన్న మంగళవారం నీ మీద అరిచాను."

"ఆ రోజు నాను బల్లిని పెట్టెలో ఎట్టాను కదా! అరవకపోతే ఎలగ?"

"విమర్శను చిరునవ్వుతో స్వీకరిస్తాను." సోని ఆగింది.

"అంటే ఏటి?" అన్నాడు సోంబరు.

"ఎవరైనా తిడితే నవ్వడం, పెద్దయ్యా."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇందాక ఆమె ముక్కు తుడుచుకోవడం అందరూ చూశారు. "ఒకటి," అంది సోని. ఊరు కూడా కాసేపు గుసగుసలాడుకుని, "రెండు," అని ఒప్పుకుంది.

"స్పష్టమైన స్వరం. రెండు."

"ఇందాక అందరికీ ఇనబడ్డాది. మూడు!"

"మూడు కాదు, రెండే."

"మూడంటే మూడు, ఇది మా గడి!"

ఇలా ప్రతి గడి దగ్గరా సోని కిందికి లాగుతుంటే, ఊరు పైకి ఎత్తింది. కానీ ఒక చోట, ‘మాట్లాడని పిల్లవాడితో మాట్లాడించగలను’ అన్న వాక్యం దగ్గర, సోని ఎవరికేసీ చూడకుండా నాలుగు వేసింది. వేసి, తన చెయ్యి వణకలేదని తనే గమనించింది. అక్కడ మాత్రం బేరమే జరగలేదు.

మాస్టారు రెండు వరసలూ కూడారు. "నీది డెబ్బై ఆరు. ఊరిది ఎనభై ఎనిమిది. తేడా పన్నెండు. పరీక్ష రాసుకోమ్మా."

సోని కాగితం అందుకుని నిలబడిపోయింది. ఈ జూన్‌లో కనక ఇంటర్‌లో చేరొచ్చు. ఇంటికి ఉత్తరం రాయాలి, కాదు, తనే వెళ్ళి చెప్పాలి. అప్పుడు దాని మొహం చూడాలి.

"అయితే ఎలగైనా ఎల్లిపోద్దన్నమాట," అన్నాడు సోంబరు నెమ్మదిగా. బేరం తప్పిపోయిన మొహంతో, "మరి పరీక్ష తప్పితే?" అని అడిగాడు.

"సోంబరూ!" అన్నారు మాస్టారు.

"ఊరికే అడిగాను బాబూ."

కొండ దిగేటప్పుడు ముత్యాలమ్మ జీపు దాకా వచ్చింది. సోని సంచీలో చింతపండు ఉండలు కుక్కుతూ, "ఉజ్జోగం వచ్చినాక ఈ కొండకే ఏయించుకో. పంతులమ్మవి కాబట్టి కాదు, నీళ్ళకి తోడుగా ఉంటావని," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది.

జీపు కదిలింది. ముందు సీట్లో ఎలీయేజరు మాస్టారు, వెనకాల సోని, రవిబాబు. రవిబాబు ఒళ్ళో అతని కాగితం ఉంది. అటు వంద, ఇటు వంద, తేడా సున్నా. నియమం ప్రకారం కాలేజీ మొత్తానికి అతనే మొదటివాడు. అలాంటివాడు మూడు మలుపుల దాకా ఆ కాగితాన్నే తిప్పి తిప్పి చూశాడు. నాలుగో మలుపు దగ్గర పెన్సిలూ రబ్బరూ తీసి సోని చేతికిచ్చాడు.

"నువ్వు ఎయ్యి," అన్నాడు. "నలభై రోజులు నా పక్కనే పాఠం చెప్పావు కదా. నిజం సెప్పు."

"నేనా? వద్దండి రవిబాబు గారూ."

"ఎయ్యవే. మళ్ళీ నలభై రోజులు అక్కడికి పంపితే ఆ ముసలాయన నన్ను ఆవుకి కట్టేత్తాడు. ఊరేసిన వంద ఉత్త బేరమే, అది లెక్కలోకి రాదు. యాభై దాటించు, అంతే."

సోని మాస్టారి వీపుకేసి చూసింది. ఆయన సీటుకి తల ఆనించి నిద్రపోతున్నట్టున్నారు. రబ్బరుతో వరసంతా చెరిపింది.

"సమయపాలన," అంది. "రెండు."

"రెండా! ఏ రోజు ఆలస్యంగా వచ్చాను?"

"పాఠానికి కాదండి. గంట కొట్టాక అద్దం దగ్గర."

"...సరే. రెండు."

"బోధనోపకరణాలు. నాలుగు. ఆ ఆవు బొమ్మ నాకూ ఇష్టం."

రవిబాబు కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

"ఓర్పు. ఒకటి."

"ఒకటేటి! ఆ గుంటడు నా దువ్వెనతో మేకని దువ్వుతుంటే కూడా ఊరుకున్నాను కదా!"

"ఊరుకోలేదండి. తరిమారు."

"దూరం తరమలేదు. ఒకటిన్నర ఎయ్యి."

"సగాలు లేవండి."

జీపు అరకు దారిలో పడేసరికి పద్నాలుగో వాక్యం దగ్గర ఉన్నారు. మొత్తం ముప్పై ఒకటి. ఇంకా పదకొండు గడులున్నాయని రవిబాబు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. ముందు సీట్లో మాస్టారు కళ్ళు మూసుకునే ఉన్నారు గాని, సోని ఒక్కో అంకె చెప్పినప్పుడల్లా ఆయన భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.